రూతుకు తినిపించిన మామిడికాయ

మట్టల ఆదివారానికి ముందు రోజు, శనివారం, పగలు పదకొండున్నర. ఆ పని నేను చేసింది అప్పుడు. గంట ఎందుకు గుర్తుందంటే, అన్నం చల్లారిపోతుందని వంట దగ్గర ఆడవాళ్ళు తొందరపెడుతున్నారు. నేను మందిరం గోడ మీది గడియారం చూసి, పన్నెండుకు ముగిద్దాం, ఇంకా అరగంట ఉందిలే అనుకున్నాను. ఆ పనికి అరగంట చాలు అనుకున్నాను. చాలింది కూడా.

తొమ్మిదేళ్ళయింది. ఆ అరగంటను తొమ్మిదేళ్ళు మోశాను అని రాస్తే చదవడానికి బాగానే ఉంటుంది. కానీ మోయడం అనేది మర్యాదగల మాట. బరువు మోసేవాణ్ణి చూస్తే ఎవరికైనా జాలి కలుగుతుంది. నాది అట్లాంటిది కాదు. కడుపులో కుళ్ళిన తిండి పెట్టుకుని తెల్లబట్టలు కట్టుకుని తిరిగాను. తేన్పు వచ్చినప్పుడల్లా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకు చెప్పాలంటే వాళ్ళ మొహం చూడాలి. అది నా వల్ల కాలేదు. అందుకని మీకు రాస్తున్నాను. నాకు చదువు అరవై ఏళ్ళకు వచ్చింది. సొగసుగా రాయడం రాదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పోయిన నెల ఎర్రబోరు వైపు నుంచి ఇద్దరు తండ్రులు మోటారు సైకిలు మీద మా ఇంటికి వచ్చారు. వాళ్ళ సంఘంలో ఎదిగిన పిల్లలు యౌవనస్థుల కూటానికి రావడం లేదట. రోడ్డు పక్కన ఫోన్లు పట్టుకుని కూర్చుంటున్నారట. మా ఊరి పిల్లలందరినీ నేనే తెచ్చానని ఎవరో చెప్పారు. ఎట్లా తెచ్చానో వాళ్ళ తల్లిదండ్రుల మీటింగులో చెప్పాలట. "నీకు పోరగాండ్ల మనసుల ఏముందో ప్రభువే చూపిస్తడంట గద పెద్దయ్యా" అన్నాడు అందులో చిన్నవాడు. వాడి కళ్ళలో భక్తి. మోకాళ్ళ నొప్పులు, బండి ఎక్కలేను అన్నాను. వాళ్ళు మంచినీళ్ళు తాగి, స్తోత్రం చెప్పి వెళ్ళిపోయారు. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. పాత అబద్ధాన్ని కాపాడడానికి ఇంకో అబద్ధం. డెబ్బై దాటాక కూడా. ఛీ అనిపించింది. ఆ రోజే కాగితం తీశాను.

పిల్లలను తెచ్చింది నేనే, అది అబద్ధం కాదు. మాది ఇరవై ఇళ్ళ సంఘం. పాస్టరుగారు శబరి ఏటి అవతలి నుంచి ఆదివారం ఆదివారం వచ్చేవారు. మిగతా రోజులు సంఘ పెద్దగా నేనే చూసుకునేవాణ్ణి. ఆరాధన అయ్యాక తల్లులు నా చుట్టూ చేరి ఏడ్చేవారు, పిల్లలు మాట వినడం లేదని. నేను ముందు వాళ్ళ నోళ్ళు కట్టాను. కూటానికి రమ్మని ఇంట్లో తిట్టొద్దన్నాను. వాళ్ళు రావాలంటే వాళ్ళకు ఇక్కడ పని ఉండాలన్నాను. మందిరం రేకులు ఎగిరిపోతే పెద్దవాళ్ళను పిలవకుండా పిల్లలతోనే వేయించాను. డోలు వాళ్ళ చేతికిచ్చాను. మాది ఏటికి హిందీ రాష్ట్రం వైపు ఒడ్డు, మా పిల్లలు హిందీ బడిలో చదువుతారు, తెలుగు పాటల పుస్తకం వాళ్ళకు చదవరాదు. ఆ పాటలనే హిందీ అక్షరాల్లో నోటు పుస్తకాల్లో రాసుకోనిచ్చాను. కొన్నింటిని మా ఇంటి భాష దొర్లీలో, వాళ్ళ వరుసలోనే పాడుకోనిచ్చాను. ఒక్కొక్కరే వచ్చారు. ఆర్నెల్లలో శనివారం కూటంలో కూర్చోవడానికి చోటు లేకుండా పోయింది.

ఇక్కడితో నేను ఆగి ఉంటే మంచివాణ్ణే.

విన్నపాల డబ్బా పెట్టింది పాస్టరుగారు. బిస్కెట్ల రేకు డబ్బా, మూతకు చీలిక. పిల్లలు ఇంట్లో చెప్పుకోలేనిది చీటీ మీద రాసి అందులో వేయాలి. పేరు రాయనక్కర్లేదు. ఆదివారం పాస్టరుగారు ఒక్కరే తీసి, చదివి, ఒక్కరే ప్రార్థన చేస్తారు. ఈ మాట పిల్లలకు చెప్పింది నేను. డబ్బా పక్కన నిలబడి, దాని మీద చేయి పెట్టి, "దీంట్ల ఏసింది దేవునికి, అయ్యగారికి తప్ప ఇంకో మనిషికి తెల్వది" అన్నాను. నమ్మారు. ఎందుకు నమ్మరు?

రూతు కన్నమ్మ కూతురు. అప్పటికి పదహారేళ్ళు. అడవిలో తుపాకుల గొడవల రోజుల్లో వాళ్ళ కుటుంబం ఏరు దాటి అవతల బతికింది. రూతు అక్కడి హాస్టల్లో ఏడో తరగతి దాకా తెలుగులో చదివింది. మా పిల్లల్లో తెలుగు రాయడం వచ్చింది ఆ పిల్లకొక్కదానికే. ఇక్కడికి తిరిగొచ్చాక నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆ పిల్లే. మందిరం గచ్చు మీద బొగ్గుతో రాసి చూపించేది. నా రాత చూసి పడీపడీ నవ్వేది. "తాతా, ఇవేంది, అన్నీ తాగి పండుకున్నట్టున్నయ్!" అనేది. బైబిల్లో మొదటి వాక్యం సొంతంగా చదివిన రోజు నేను ఏడ్చాను. తన చున్నీ కొంగుతో నా మొహం తుడిచి, "ఏడువకు తాతా, కాగితం తడుస్తది" అంది.

ఆ పిల్లకు నేను చేసింది ఇది.

ఈస్టరుకు రెండు వారాల ముందు కన్నమ్మ మా ఇంటికి వచ్చింది. రూతు ప్రతి శనివారం కూటానికి వస్తోంది, అందరికంటే గట్టిగా పాడుతోంది. కానీ ఈస్టరుకు బాప్తీస్మం తీసుకో అంటే ఇప్పుడు కాదు అంటోంది. ఎందుకో చెప్పదు. "పోరి కడుపుల ఏమున్నదో నాకు సమజైతలేదు పెద్దయ్యా. నువ్వంటే దానికి పానం. జర అడుగు" అంది కన్నమ్మ.

అడుగు అంది. ఆ తల్లి కోరింది అంతే. నేను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, ఏంది బిడ్డా సంగతి అని అడిగి ఉంటే చెప్పేదా? చెప్పేది. నాకు తెలుసు, చెప్పేదే. మరి ఎందుకు అడగలేదు? తొమ్మిదేళ్ళుగా ఈ ప్రశ్న దగ్గరికి వచ్చి పక్కకు తప్పుకుంటున్నాను. ఇవాళ తప్పుకోను. అడిగితే ఆ పిల్ల జవాబు చెబుతుంది, జవాబు విన్నాక నేను ఊరుకోవాల్సి ఉంటుంది. దొంగతనంగా తెలుసుకుంటే ఊరుకోనక్కర్లేదు. అంతే కారణం.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, మందిరంలో ఎవరూ లేనప్పుడు, చాకు మొన మూత కింద పెట్టి డబ్బా తెరిచాను. చీటీలన్నీ హిందీలో ఉన్నాయి, నాకు అర్థం కాలేదు. ఒక్కటి తెలుగులో ఉంది. పేరు లేదు. పేరు నాకెందుకు? నేను రాయడం నేర్చుకుంది ఆ చేతి రాత చూసే. గుండ్రంగా, అక్షరానికీ అక్షరానికీ మధ్య జాగా వదిలి, ముసలివాడి కళ్ళకు ఆనాలని అలవాటు చేసుకున్న రాత.

వేలు పెట్టి చదివాను. బైబిలు, పాటల పుస్తకం కాకుండా నేను చదివిన మొదటి రాత అది.

"ప్రభువా, మా అవ్వ కాలి పుండు మాన్పు. మామిడి పండుగ అయ్యేదాకా కొత్తకాయ ముట్టనని అవ్వకు మాట ఇచ్చాను. ఆ మాట తప్పకుండా నన్ను కాపాడు. కోపం చేసుకోకు. పండుగ అయిపోగానే నీ దగ్గరికి బాప్తీస్మానికి వస్తాను."

మా వైపు మామిడి పండుగ, మర్కా పండుం అంటారు, అది కాకముందు ఎవరూ కొత్త మామిడికాయ నోట్లో పెట్టరు. రాలిన పిందె కూడా కొరకరు. ముందు భూమికి, చనిపోయిన ఇంటి పెద్దలకు పెట్టాకనే మనుషులు తినాలి. నేనూ నలభై ఏళ్ళ దాకా అట్లాగే ఉన్నాను. సంఘంలోకి వచ్చాక మా పెద్దలం కొందరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. పాతది వదిలేశామని చూపించడానికి పండుగకు ముందే కాయ కోసి అందరి ఎదుటా తినేవాళ్ళం. అవతలి ఒడ్డున పుట్టిన పాస్టరుగారికి ఆ సంగతి తెలియదు. ఎవరి ఇష్టం వాళ్ళది, బలవంతం ఉండేది కాదు. పిల్లలకు ఎప్పుడూ పెట్టలేదు.

రూతు అవ్వ, అంటే వాళ్ళ నాయన తల్లి జోగమ్మ, సంఘంలో లేదు. అదే వాకిట్లో వేరే గుడిసెలో ఉండేది. మడమ మీద మానని పుండు. రోజూ వేపాకు నీళ్ళతో కడిగి గుడ్డ కట్టేది రూతే. మందూ మాకూ రూతే. ఆ ముసలామె మనవరాలిని కోరింది ఒక్కటే, పండుగ దాకా కాయ ముట్టొద్దని. పండుగ ఎంతో దూరం లేదు. రెండు మూడు వారాలు. ఆ తర్వాత వస్తానని పిల్ల దేవుడికి రాసి ఇచ్చింది. నేను చేయాల్సిందల్లా నోరు మూసుకుని రెండు మూడు వారాలు ఉండడం.

ఆ చీటీ చదివినప్పుడు నాకు కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే, మతం మీద పట్టుదల అని ఇవాళ చెప్పుకోవడానికైనా ఉండేది. నాకు సంతోషమైంది. దొరికింది అనుకున్నాను. ముడి ఎక్కడుందో దొరికింది. ఇన్నింటిలోనూ నాకు బాగా రోత పుట్టేది ఆ సంతోషమే.

చీటీని మళ్ళీ డబ్బాలో వేయలేదు. వేస్తే ఆదివారం పాస్టరుగారు చదువుతారు. మొలలో దోపుకుని ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టాను.

ఇక ఆ శనివారం. మర్నాటి ఊరేగింపుకు పిల్లలు ఈత మట్టలు కోసి తెచ్చి గోడ పక్కన పరిచారు. తల్లిదండ్రులను కూడా నేనే రమ్మన్నాను. పాస్టరుగారు ఉండరు కాబట్టే శనివారం పెట్టాను, అదీ రాస్తున్నాను. మా చెట్టు కాయలు కోసి, ముక్కలు చేసి, ఉప్పూ కారం చల్లి అడ్డాకులో పెట్టుకుని ముందు నిలబడ్డాను. కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నట్టు పెదవులు కదిపాను. తర్వాత అన్నాను, మన మధ్య ఒక బిడ్డ మామిడికాయతో పాతదానికి కట్టుబడి ఉందని ప్రభువు నాకు చూపించాడని.

అందరూ గుసగుసలాడారు. నేను పిల్లల ముందు నుంచి నడుచుకుంటూ పోయాను. పిల్లలు తలా ఒక ముక్క తీసుకుని తిన్నారు. కొందరికి అది ఆటే. రూతు ముందు ఆగాను.

"తిను బిడ్డా."

"పండుగ కానియ్ తాతా. అప్పుడు తింట."

"ఏం పండుగ? నీకేం పండుగ?"

"అవ్వకు మాట ఇచ్చిన."

"అవ్వ పెద్దదా, ప్రభువు పెద్దోడా?"

ఆ పిల్ల నా మొహం చూసింది. తర్వాత మూల బల్ల మీదున్న రేకు డబ్బా వైపు చూసింది. మళ్ళీ నా మొహం చూసింది. నాకొక్కడికే వినబడేంత మెల్లగా అంది.

"నేను తెలుగు నేర్పింది ప్రభువుకు కాదు గద తాతా."

ఆ మాటకైనా నేను వెనక్కి తగ్గవచ్చు. పట్టుబడ్డాను. పట్టుబడినవాడికి రెండు దారులుంటాయి. సిగ్గుపడడం ఒకటి, గొంతు పెంచడం ఇంకొకటి. నేను గొంతు పెంచాను. "చూడుండ్రి, కాయ ముక్క ఎట్ల అడ్డం పడ్డదో!" అని అందరికీ వినబడేట్టు అన్నాను.

కన్నమ్మ లేచి వచ్చింది. సిగ్గుతో ఆమె మెడ నరాలు ఉబ్బాయి. "తినే! అందరు జూస్తుండ్రు, నా ఇజ్జత్ తీయకు" అని ఆకులోంచి ముక్క తీసి కూతురి నోట్లో కుక్కింది. రూతు విదిలించుకోలేదు. నమిలింది. నా కళ్ళలోకి చూస్తూ నమిలింది. మింగింది. డోలు మోగింది. చప్పట్లు కొట్టారు. స్తోత్రం, స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను, అందరికంటే గట్టిగా.

రూతు బయటికి నడిచింది. కిటికీలోంచి చూశాను. మట్టల పక్కన వంగి కక్కుకుంటోంది. నా పక్కనున్నవాడు, "పోయింది పెద్దయ్యా, లోపలున్నది బయటికి పోయింది" అన్నాడు. నేను తల ఊపాను.

సాయంత్రానికే జోగమ్మకు తెలిసింది. ముసలామె తిట్టలేదు. పుండు కడగడానికి రూతు నీళ్ళు కాచి తెస్తే, "నీ చెయ్యి పెట్టకు బిడ్డా, మాట తప్పినంక ఇది నీకు గూడ తగుల్తది" అందట. పిల్లను కాపాడుతున్నాననుకుంది. కన్నమ్మ పోతే, మీ మందిరం చేతులు నాకొద్దు అంది. పండుగ అయ్యాకనైనా ఒప్పుకుంటుందేమో అనుకున్నారు. ఒప్పుకోలేదు. కొడుకు ముత్తయ్య కట్టు కట్టేవాడు, పొలం నుంచి వచ్చాక, గుర్తుంటే.

ఒక్కసారి నేను పోయాను, చంకలో బైబిలు పెట్టుకుని. గుడిసె వాకిట్లోనే వాసన కొట్టింది. ఎండలో వదిలేసిన మాంసం వాసన. కట్టు మీద ఈగలు నల్లగా మూగి ఉన్నాయి. "ఎవరది?" అంది లోపల నుంచి. నేను తువ్వాలుతో ముక్కు మూసుకుని, జవాబు చెప్పకుండా వెనక్కి తిరిగి వచ్చేశాను. అసహ్యించుకుని వచ్చేశాను. దేన్ని చూసి? ఆ పుండును చూసి. నన్ను చూసి కాదు, అప్పటికి.

కుంట ఊరి ఆసుపత్రికి తీసుకుపోయేసరికి పాదం నల్లబడింది. షుగరు ఉందన్నాడు డాక్టరు, కడిగినా నిలిచేదో లేదో చెప్పలేనన్నాడు. వానలు మొదలుకాకముందే జోగమ్మ పోయింది. చెప్పలేను అన్న డాక్టరు మాటను నేను, ఎట్లాగైనా పోయేదే అని మార్చుకుని దాచుకున్నాను. రోజుకోసారి తీసి చూసుకునేవాణ్ణి. తర్వాతి ఆదివారం ఎవరో లేచి, నమ్మనివాళ్ళకు ఇట్లాగే అవుతుందని సాక్ష్యం చెప్పారు. దానికి కూడా స్తోత్రం అన్నాను.

ఇంకొకటి ఆలోచించండి. ఆ పిల్ల అవ్వ కాలి కోసం దేవుడికి విన్నపం రాసింది. ఆ చీటీ పాస్టరుగారికి చేరలేదు. ఆ విన్నపం కోసం ఎవరూ మోకరించలేదు. నేను చదివాను. చదివిన నేనైనా ఆ పుండు కోసం ఒక్క ప్రార్థన చేశానా? చేయలేదు. నా కంటికి కాయ ఒక్కటే కనబడింది. పుండు సంగతి చీటీ మొదటి వాక్యంలోనే ఉంది.

రూతు మళ్ళీ మందిరం గడప తొక్కలేదు. బాప్తీస్మం లేదు. ఆ ఏడు చలికాలం మిరపకోతల కూలీలతో ఏరు దాటి పోయింది. కోతలు అయ్యాక అందరూ తిరిగొచ్చారు, తను రాలేదు.

నేను మాత్రం పెద్దవాణ్ణయ్యాను. ప్రభువు చూపించే మనిషినయ్యాను. వేరే ఊళ్ళ నుంచి పిల్లలను తీసుకొచ్చి, మా వాడి మనసులో ఏముందో చెప్పు అని నా ముందు నిలబెట్టేవారు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి డబ్బా ఇంకో రెండుసార్లు తెరిచాను. హిందీ చీటీలను బయటి ఊరి మాస్టరు చేత చదివించుకున్నాను, నాకు వచ్చిన ఉత్తరాలని చెప్పి. తర్వాత పిల్లలకు ఎట్లా తెలిసిందో, తెలిసింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. చీటీలు మాత్రం మారాయి. "ప్రభువా, పరీక్ష పాస్ చెయ్యి." అన్నీ అవే. కూటానికి వచ్చారు, పాడారు, డోలు వాయించారు. వాళ్ళ మనసు మాత్రం ఇంట్లో పెట్టి వచ్చారు. తల్లిదండ్రులు సంతోషించారు.

కన్నమ్మ ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంది. "ప్రభువు నీకు చూపిస్తడు గద పెద్దయ్యా. నా బిడ్డ మల్ల ఇంటికొస్తదా, జర చూడు" అంటుంది. ప్రార్థన చేస్తున్నానమ్మా అంటాను. ఆమె నా చేతులు పట్టుకుని కళ్ళకు అద్దుకుంటుంది. ఆమె పోయాక చేతులు కడుక్కుంటాను.

క్షమించమని రాయడం లేదు. మీరు క్షమించినా అది మీ చేతిలో పని కాదు. ఈ కాగితం కన్నమ్మకు చదివి వినిపించాలి, ఆమెకు చదువు రాదు. వినిపిస్తానా? ధైర్యం ఉందని ఇప్పుడు రాస్తే అదీ అబద్ధం కావచ్చు. కానీ ప్రభువు నాకు ఏమీ చూపించలేదు. నేను చీటీ దొంగిలించాను. ఈ రెండు వాక్యాలు నా చేత్తో రాశాను, అవి ఇక నా లోపల లేవు. ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది.

నా మాట నమ్మొద్దు. అడగండి. ఆ రోజు మందిరంలో ఉన్నవాళ్ళు వీళ్ళు. రూతు. తల్లి కన్నమ్మ. తండ్రి ముత్తయ్య, చివరిదాకా నేల చూపులు చూస్తూ ఉన్నాడు. డోలు వాయించిన సమూయేలు, వాడి చెల్లెలు ఎస్తేరు. యోహాను, దావీదు, వాళ్ళ అమ్మ సమ్మక్క. మార్త. బుధ్రి. పోయింది పోయింది అన్న గంగయ్య, ఇప్పుడు లేడు. వంట దగ్గర లచ్చమ్మ, సీతమ్మ, తలుపులోంచి చూశారు. ఆకులో ముక్కలు పట్టుకుని ముందు నిలబడ్డ నేను.